నిలువు ప్లేయర్

"పెట్టె ఆకారం మారితే పాట మారుతుందా అమ్మా?" అని నవ్వాడు మెకానిక్. రిపేరుకని ఆవిడ తెచ్చినది డిస్కు నిలువుగా తిరిగే వింత సీడీ ప్లేయర్.

"చీకటి పడ్డాక మాత్రం దీన్ని పడుకోబెట్టండి," అనేసి వెళ్లిపోయింది.

చీకటి పడ్డాక షాపులో ఒక్కడే మిగిలాడు. పంతానికి దాన్ని నిలబెట్టే ఉంచి, ఇరవై ఏళ్లుగా వింటున్న తన వయొలిన్ డిస్కు వేశాడు. వయొలిన్ ఆగిన ప్రతిచోటా ఎవరో ఆవలిస్తున్నారు.

గబుక్కున ప్లగ్గు పీకేశాడు. వయొలిన్ ఆగింది కానీ ఆవలింత ఆగలేదు. ప్లేయర్‌ను బల్ల మీద పడుకోబెట్టాడు. అంతా నిశ్శబ్దం. హమ్మయ్య అనుకున్నాడు.

"జోకొట్టవా మామయ్యా?" అంది లోపల్నుంచి ఓ పసిగొంతు.

పారిపోదామనుకున్నాడు. కానీ అతని చెయ్యి అప్పటికే మూత మీద మెల్లగా జోకొడుతోంది.