మూత బిగించాక

ఆ సాయంత్రం టైలరమ్మ పెద్ద గాజు సీసాలో బుల్లి తోట పెట్టింది. అడుగున గులకరాళ్లు, వాటిపైన బొగ్గుపొడి, ఆపైన మట్టి, నాచు, ఓ ఫెర్న్ మొక్క. పుల్లకు గుచ్చిన ఖాళీ దారపు రీలుతో మట్టి అదిమింది. ఆకుల మీద మట్టి రాలింది. పక్కనే ఉన్న అత్తగారు ఊరుకుంటేనా! సీసా మూతికి నోరానించి ఉఫ్‌మని ఊదింది. కోడలు వెంటనే మూత బిగించేసింది.

"గాలాడకుండా ఎలా బతుకుతుందే, పిచ్చిదానా?"

"లోపలున్న గాలే దానికి చాలు అత్తయ్యా. ఇక మూత తీసే పనే లేదు."

రాత్రి కోడలికి ఎంతకీ కునుకు పట్టలేదు. పక్కగదిలో అత్తగారి పిల్లికూతలు. ఆవిడకు ఆ ఆయాసం పాతదే. అటూ ఇటూ దొర్లి, చివరికి లేచి లైటు వేసి సీసా దగ్గరికి వెళ్లింది. గాజుకు లోపలివైపు ఆవిరి పట్టి ఉంది. చూస్తుండగానే విడిపోయింది. మళ్లీ పట్టింది. చెమ్మ ఎక్కువైందేమో అనుకుంది. కానీ పక్కగదిలో కూత లేచినప్పుడల్లా ఆవిరి పడుతోంది, కూత తగ్గినప్పుడల్లా పోతోంది.

ఈ పీడ నాకెందుకనుకుని మూత కాస్త తిప్పింది. సీసాలోంచి సన్నగా గాలి జారింది. పక్కగదిలో కూత ఠక్కున ఆగిపోయింది.

గబగబా మూత బిగించింది. ఇల్లంతా నిశ్శబ్దం. చాలాసేపటికి గాజు మీద ఆవిరి మెల్లగా పట్టింది. పక్కగదిలో కూత లేచింది.

ఆ వెనకే అత్తగారి గొంతు, నిద్రమత్తులో, బతిమాలుతున్నట్టు వినిపించింది.

"ఊపిరాడటం లేదే అమ్మా... ఆ మూత కాస్త తియ్యవూ?"