వాష్‌బేసిన్ ముందు ఇద్దరు

ఊళ్లో ప్రతి ఇంటి వాష్‌బేసినూ నోరున్నదే. ఉమ్మి చూసి ఇట్టే రోగం చెప్పేస్తుంది. అందుకే కబడ్డీ ఆడే పైడితల్లి, ఆట తర్వాత దగ్గుతో రక్తం పడ్డప్పుడల్లా వీధి కాలువలో ఉమ్మి వచ్చేది. ఆ రోజు జిల్లా ఫైనల్ గెలిచిన సంబరంలో ఒళ్లు మరిచి, కప్పుతో సహా ఇంట్లోకి పరుగెత్తి, దగ్గి బేసిన్‌లోనే ఉమ్మేసింది.

"రక్తం!" అంది బేసిన్, ఇల్లంతా వినబడేలా.

అత్త ఎర్రయ్యమ్మ కూడా ఒకప్పుడు కబడ్డీ ఆడినదే. తాంబూలం నములుతూ పరుగెత్తుకొచ్చి బేసిన్‌నే నిలదీసింది. "టీబీయేటే? ఉన్నదున్నట్టు సెప్పు!"

"టీబీ జాడ లేదు. గుండె కవాటం ఇరుకైనట్టుంది. పరుగెత్తితే ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి రక్తం పడుతోంది. ఆట ఆపి ఇవాళే ఆసుపత్రికి వెళ్లండి. నయమవుతుంది."

"నయమైపోద్దంటందత్తా!" పైడితల్లి ఎగిరి గెంతబోయింది.

"గెంతకు," అంది బేసిన్.

ఎర్రయ్యమ్మ నవ్వలేదు. మెట్లెక్కినప్పుడల్లా తన నోట పడే రక్తాన్ని ఇన్నేళ్లూ తాంబూలం ఎరుపులోనే దాచుకొచ్చిన మనిషి ఆమె. ఇప్పుడు నోట్లోది కిటికీలోంచి ఊసేసి, శుభ్రంగా పుక్కిలించి, కోడలి పక్కనే బేసిన్ మీదికి వంగింది.

"నాదీ సూడమ్మా! ఎల్తే ఇద్దరం ఒకేసారి ఎల్తాం."