నార్వే గదిలో తోడు

గదికి ఇద్దరు చొప్పున రాసిన లిస్టులో సూర్యం పేరు పక్కన తెలియని పేరుంది.

అమ్మన్న, తిఫ్రా కాలనీ.

ఎవరీయన అని టూర్ ఆఫీసు రాజేంద్రను అడిగాడు సూర్యం. రాజేంద్ర గోడవారగా కూర్చున్న ముసలాయన్ని చూపించాడు. నవంబరు ఎండలో కూడా నెత్తిన మంకీ క్యాపు. ఆయన లేచి దండం పెట్టాడు, మళ్లీ కూర్చోలేదు.

సూర్యం రిటైరైన ఇంజన్ డ్రైవరు.

ఒకప్పుడు భిలాయ్ వైపు బండి తీసుకెళ్తుంటే, ఉక్కు కార్ఖానాలో కరిగిన ఇనప చిట్టెం పారబోసినప్పుడల్లా సగం ఆకాశం ఎర్రబడేది. బొగ్గు వేస్తున్న ఫైర్‌మేన్ కూడా పార ఆపి చూసేవాడు. ఎక్కడో ఉత్తరాన ఆకాశం ఆకుపచ్చగా వెలుగుతుందని మనవరాలు ఫోనులో చూపించిన రోజున సూర్యానికి ఆ ఎరుపే గుర్తొచ్చింది. కళ్లు పనిచేస్తుండగానే ఆ పచ్చదనమూ చూడాలనుకున్నాడు. జనవరిలో నార్వే ప్రయాణం.

మోకాళ్లు సహకరించవని భార్య నీలవేణి రానంది.

చిక్కల్లా ఒక్కటే. ఆ వెలుగు రాత్రి ఏ జామునొస్తుందో ఎవరికీ తెలియదు. వస్తే హోటలువాళ్లు గదికి ఫోను చేస్తారు. ఇంజన్ మోతకు సూర్యం చెవులు సగం పోయాయి. బీపీ మాత్ర పడితే ఇక కుంభకర్ణుడే. తోడున్నవాడు లేపకపోతే అంత దూరం వెళ్లి నిద్రపోయి రావడమే.

"ఏమయ్యా, ఫోను మోగితే నీకు మెలకువొస్తుందా?" అన్నాడు సూర్యం.

ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "మోగకముందే వస్తాది బాబూ."

సూర్యానికి నవ్వొచ్చింది. ఏం ఉద్యోగం చేశావంటే, రైల్వేలోనే, చిన్న పనేనన్నాడు ఆయన. ఆ వెలుగు వీడియోలో చూశావా అంటే లేదన్నాడు. కోడలు ఎప్పుడో పాస్‌పోర్టు చేయించిందట, అది అలాగే పడుందట. తిరిగి ఆయన మాత్రం రెండే అడిగాడు. మాత్ర ఎన్నింటికి వేసుకుంటారు? గోడవైపు తిరిగి పడుకుంటారా?

సూర్యానికి చిరాకేసింది.

"నువ్వు ఆకాశాన్ని చూడ్డానికొస్తున్నావా, నన్ను చూడ్డానికొస్తున్నావా?"

"రెండూనండి."

ఇదేదో తేడా మనిషనిపించింది. అదే టూరుకొస్తున్న, బ్యాంకులో రిటైరైన ప్రతాప్ అయితే నాలుగు మాటలు మాట్లాడతాడు, మంచి కెమెరా కూడా ఉంది. తన గదిలో అతన్ని వెయ్యమని సూర్యం రాజేంద్ర చెవిలో చెప్పాడు. చెవిటివాడి గుసగుస వీధిదాకా వినిపిస్తుంది.

"అచ్ఛా," అన్నాడు ముసలాయన. "అలగైతే నా పేరు కొట్టీండి రాజేంద్రగారూ."

చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఊరి చివర కోని పేటలో కూతురింటికెళ్లిన నీలవేణి వారం తర్వాత తిరిగొచ్చింది. సూర్యం తమాషాగా ఈ సంగతంతా చెప్పాడు. ఆమె నవ్వలేదు.

"ఏ అమ్మన్న? మాటకి ముందర గొంతు సవరించుకుంటాడు, ఆయనేనా?"

"ఆయనే. నీకెలా తెలుసు?"

"ముందు ఫోను సెయ్యండి. ఆయన్నే ఎయ్యమనండి."

సూర్యం ఫోను చేశాడు. వీసా కాగితాలన్నీ వెళ్లిపోయాయన్నాడు రాజేంద్ర, ఇక ఎవరినీ చేర్చడం కుదరదన్నాడు. ఆ ముసలాయన లిస్టులో సూర్యం పేరు చూశాకే తన పేరు ఇచ్చాడని కూడా చెప్పాడు. మరి ఎందుకు మానుకున్నాడో తనకు అర్థం కాలేదట.

సూర్యం ఫోను పక్కన పెట్టాడు.

"ఎవరే ఆయన?"

నీలవేణి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సెల్‌ఫోన్లు రాకముందు, రాత్రి డ్యూటీలకి మిమ్మల్ని లేపడానికొచ్చే కాల్‌మేన్," అంది. "కిటికీలోంచి డ్యూటీ పుస్తకం అందిస్తే నాను తెచ్చి మంచం మీదే మీ సేత సంతకం పెట్టించీదాన్ని. మీరేనాడూ ఆయన మొకం సూడలేదు. సంతకం పడితే ఆయన పనైపోయినట్టే. మీరు మళ్లీ పడుకుండిపోతారని తెలుసు గావాల, మీ కాళ్లు నేల మీద పడ్డ సప్పుడు ఇనీదాకా, ఇరవయ్యేళ్లు, ఏ రాత్రీ ఆయన మన క్వార్టరు కిటికీ కాడ నుంచి కదల్లేదు."