ఎరుపులో పడ్డ చుక్క

"ఇంకోసారి వెయ్యమ్మా," అన్నాడు రాఘవేందర్ సార్.

పరీక్షకు ఏ బోరు నీళ్లు తీయాలో కంప్యూటరే లాటరీ తీసినట్టు అమీర్‌పేట పటం మీద చుక్కలు వేసి చెప్పాలి. భూగర్భజలంలో విషం ఉండొచ్చని అంచనా వేసే మోడల్ ఎర్రగా చూపిన గల్లీలో మళ్లీ చుక్క పడింది.

అది కంప్యూటర్ ముందు కూర్చున్న యుస్రా ఉండే గల్లీ. ఆ నీళ్లు తాగే తమ్ముడికి కిడ్నీలు పాడయ్యాయి. చెబితే ఈ పని ఇంకొకరికి ఇస్తారని ఆఫీసులో చెప్పలేదు.

"లాటరీ లెక్క ఏడ పడితే ఆడనే ఉంచాలె కద సార్?"

"ఉంచితే ఆడ ఫ్లాట్లు అమ్మే బిల్డర్‌కు నువ్వు జవాబు చెప్తవా? గా ఎరుపు ఉత్త అందాజ. నీళ్లు మంచిగనే ఉంటయ్."

యుస్రా మళ్లీ వేసింది. ఈసారి ఎరుపులో ఒక్క చుక్కా పడలేదు.

"గిట్లుండాలె. పంపియ్."

పంపింది. కంప్యూటర్ ఆపి లేచింది.

"జర జల్ది పోత సార్. తమ్మున్ని డయాలసిస్‌కు తీస్కపోవాలె."

"డయాలసిస్సా? ఏడుంటరమ్మా మీరు?"

"గా ఎర్ర గల్లీలనే."

రాఘవేందర్ టేబుల్ మీది సీలు తీయని నీళ్ల సీసాను ఆమె ముందుకు జరిపాడు.

"ఇది తమ్మునికి పట్కపో."

"నీళ్లు మంచిగనే ఉంటయంటిరి కద సార్," అంది యుస్రా.