మిలియరీ

నెలలో మొదటి ఆదివారం, ప్రభు భోజన సంస్కారం. సంఘ పెద్ద శాంతికుమార్ ద్రాక్షారసం పాత్ర పట్టుకుని వరుసగా అందరికీ తాగిస్తున్నాడు.

జగ్గయ్యపేటలోని ఆ చర్చిలో అందరికీ ఒకటే పాత్ర.

చివరి వరుసలో ఎవరో కొత్త మనిషి. అరవై దాటి ఉంటాయి. చెయ్యి చాచబోతూ దగ్గాడు. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు.

శాంతికుమార్ పాత్రను అతని ముందు నుంచి తప్పించి పక్కవాడికి అందించాడు. తప్పు చేశాననుకోలేదు. పైగా నలుగురినీ కాపాడాననుకున్నాడు.

ఆరాధన అయ్యాక ఆ మనిషి చెప్పుల దగ్గర ఎదురు చూస్తున్నాడు. పేరు జ్ఞానయ్యట. గరికపాడు దారిలో కంకర క్రషర్‌లో పనట. పాత్ర సంగతి ఎత్తకుండా, సంచిలోంచి తన ఎక్స్‌రే రిపోర్టు తీసి ఒక మాట మీద వేలు పెట్టాడు.

"మీరు ఇంగ్లీషు మేష్టారంట కదండీ. ఇదేంటో చెప్పండి."

మిలియరీ.

శాంతికుమార్ మొహం వెలిగింది. రోజూ బళ్లో బోర్డు మీద ఒక అరుదైన ఇంగ్లీషు మాట రాసి, దాని స్పెల్లింగు, అర్థం, పుట్టుక చెప్పడం అతని సరదా. ఈ విశేషణం మాత్రం అతనికే కొత్త. ఫోన్లో డిక్షనరీ తెరిచాడు. అది ఎదురుగా ఉన్న మనిషి ఊపిరితిత్తుల గురించి రాసిందని కాసేపు మరిచే పోయాడు.

"ఎం, ఐ, ఎల్, ఐ, ఏ, ఆర్, వై. లాటిన్‌లో వరిగలనే చిరుధాన్యానికి ఉన్న పేరులోంచి పుట్టింది. మీ ఊపిరితిత్తుల్లో వరిగ గింజలంత మచ్చలున్నాయని అర్థం."

"రాతి దుమ్ముతో వచ్చినయ్యేమోనండి. అప్పుడు ఎవరికీ అంటుకోవు కదా? పాత్ర ముట్టుకోనిస్తారా?"

డిక్షనరీలో ఉదాహరణ ఒక్కటే ఉంది: మిలియరీ టీబీ. శాంతికుమార్‌కి అది చాలు.

"టీబీ అండి ఇది. అంటుకుంటుంది. తగ్గాక రండి."

జ్ఞానయ్య రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. తర్వాత అదంతా తెలుగులో రాసిమ్మని అడిగాడు. తన వాళ్లకు చదివి వినిపించాలట.

శాంతికుమార్ గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాడు. మాట, అర్థం, పుట్టుక. కింద 'ఇది టీబీ. ఒకరు తాగింది ఇంకొకరు తాగరాదు' అని సంతకం కూడా పెట్టాడు.

రెండు నెలల తర్వాత నందిగామ నుంచి ఒక డాక్టరమ్మ బడిపిల్లల్ని చూడటానికి వచ్చింది. శాంతికుమార్ గొప్పకి పోయి, ఒక క్రషర్ కూలీ రిపోర్టులో చూసిన మిలియరీ అనే మాటను, అది టీబీ అంటూ ఆమెకు అప్పజెప్పాడు.

అది మచ్చల తీరే గానీ జబ్బు పేరు కాదంది ఆమె. కళ్లె పరీక్ష చెయ్యకుండా టీబీ అని ఎవరూ చెప్పలేరంది. క్రషర్ కూలీలకు ఎక్కువగా వచ్చేది దుమ్ము జబ్బేనని, అది ఎవరికీ అంటదని కూడా చెప్పింది.

శాంతికుమార్‌కి సిగ్గేసింది. సాయంత్రమే బండేసుకుని క్రషర్ దగ్గరికి వెళ్లాడు. జ్ఞానయ్యను పరీక్షకి తీసుకెళ్లాలని, వచ్చే మొదటి ఆదివారం పాత్ర ముందు అతనికే అందించాలని అతని ఆశ.

షెడ్డు ముందు ఆదెమ్మ అనే కూలీ దగ్గుతూ కూర్చుని ఉంది. తనెవరో చెప్పి జ్ఞానయ్య గురించి అడిగాడు. జ్ఞానయ్య పోయి పన్నెండు రోజులైందని చెప్పింది.

ఆ షెడ్లలో దగ్గేవాళ్లు పదకొండు మందట. అందరి రిపోర్టుల్లోనూ అదే మాటట. ఏ చర్చికి వెళ్లినా దూరంగా కూర్చోమనేవారట. అందుకని ఇక్కడే, ఒకే గ్లాసులో, నెలనెలా ద్రాక్షారసం తీసుకునేవారట. శాంతికుమార్ రాసిచ్చిన కాగితం జ్ఞానయ్య చదివి వినిపించిన రోజు నుంచి అది ఆగిపోయిందట.

"తను పోయినాక మమ్మల్ని మీ సంఘంలో చేర్చుకుంటారేమో అడుగుదామని వచ్చారండి మీ కాడికి. పోయే రోజు ఒక్క చుక్క ద్రాక్షారసం కావాలన్నారు. ఇచ్చేవాళ్లు లేకపోయారు."

"మీ పాస్టరు గారు ఇవ్వలేదా?"

ఆదెమ్మ అతని వంక వింతగా చూసింది.

"మా పాస్టరు ఆయనేనండి, పన్నెండేళ్లు మా అందరికీ తాగించి, మా ఎంగిలి అడుగున మిగిలింది తను తాగిన మనిషి."