ఎదురు నడక

ఇంద్రేశం కొత్త లేఅవుట్ పార్కులో అందరూ ఒకే వైపు నడుస్తారు. నడవాలి. "ప్రదక్షిణంగా మాత్రమే నడవవలెను" అని కాలనీ అధ్యక్షుడు మురళీమోహన్ గారు బోర్డు పెట్టించారు. మధ్యలో దేవుడెవరూ లేడు, నీళ్ల ట్యాంకు ఉంది. అయినా అపసవ్యంగా తిరిగితే అరిష్టమని ఆయన నమ్మకం.

వారం నుంచి ఒకే ఒక్క కుర్రాడు ఎదురు నడుస్తున్నాడు. పేరు నిఖిలేష్. సంగారెడ్డి పప్పుల వ్యాపారి కొడుకు. జిన్నారంలో మందుల కంపెనీ ఉద్యోగం, ఇక్కడ అద్దె గది.

ఎందుకు ఎదురు నడుస్తున్నాడో పార్కులో అందరికీ తెలుసు. అధ్యక్షులవారి అమ్మాయి హరిచందన కూడా రోజూ అక్కడే నడుస్తుంది. వెనక నడిస్తే జడ కనిపిస్తుంది. ఎదురు నడిస్తే చుట్టుకు రెండుసార్లు మొహం కనిపిస్తుంది. ఇద్దరూ మాట్లాడుకోగా మాత్రం ఎవరూ చూడలేదు. ఆ ఎదురు నడక ఎందుకో తెలియనిది మురళీమోహన్ గారొక్కరికే.

ఆదివారం పొద్దున ఆయన దారికి అడ్డంగా నిలబడ్డారు.

"ఏమయ్యా, బోర్డు చదవడం రాదా? రేపట్నుంచి నువ్వీ పార్కులో అడుగు పెట్టకూడదు."

నిఖిలేష్ నడక ఆపాడు. పార్కు పోతే అంతా పోయినట్టే.

"ఒక్క నిమిషం అంకుల్. మన గెలాక్సీల గూడ గిట్లనే ఉంటది."

"దేంట్లో?"

"చుక్కలు చాలామటుకు ఒక్క దిక్కే తిరుగుతయ్. కొన్ని ఎదురు తిరుగుతయ్. గవి ఈడ పుట్టినవి కావు. ఎన్నడో ఇంకో చిన్న గెలాక్సీ వచ్చి మన దాంట్ల కలిసింది. దాని చుక్కలన్నట్టు. నడక చూసే కనిపెట్టిన్రు."

"బయటివాళ్లన్నమాట! తరిమేయలేదా?"

"తరుముడేంది అంకుల్! గట్ల వచ్చినోళ్లు కలిస్తేనే మన గెలాక్సీ గింత పెద్దగయింది."

మురళీమోహన్ గారు నలభై ఏళ్ల కింద గుడివాడ నుంచి రేకు పెట్టెతో పటాన్‌చెరు ఫ్యాక్టరీలో పనికి వచ్చిన మనిషి. కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నారు.

"కలిసి..."

"కలిసిపోయినయ్ అంకుల్! ఎన్నడో కలిసిపోయినయ్."

అయినా ఆయన అంత తేలిగ్గా లొంగే రకం కాదు. కూతుర్ని కేకేశారు. "హరీ, నువ్వు కంది కాలేజీలో చదివేది ఈ నక్షత్రాల సంగతే కదా? ఇతను చెప్పింది నిజమేనా?"

హరిచందన మొహం ముడుచుకుని నిఖిలేష్‌ని ఎగాదిగా చూసింది.

"ఫర్వాలేదు నాన్నా. తప్పుల్లేవు."

"అయితే బోర్డు తీయించేస్తా! ఎంత తెలివైన కుర్రాడు! రేపు మనింటికి టిఫినుకు రావయ్యా," అంటూ మురళీమోహన్ గారు వాచ్‌మన్‌ను వెతుక్కుంటూ బయలుదేరారు, అపసవ్యంగానే.

ఆయన ట్యాంకు చాటుకు వెళ్లేదాకా ఆగి, హరిచందన పళ్లు నూరింది: "కండ్లల్ల నీళ్లు తిరిగినంకనే 'కలిసిపోయినయ్' అనాలని నేర్పేటప్పుడు అంతగనం చెప్పిన గదా, గంత తొందరేంది నీకు?"