సలోమి సిస్టర్ మనసు బిళ్ల

నాలుగో మహమ్మారి నాటికి నర్సులందరి మెడల్లోనూ మనసు బిళ్లలు వేలాడుతున్నాయి. మనసు అలసిపోయి బిళ్ల ఎర్రబడితే ఆ నర్సును వెంటనే ఇంటికి పంపేసి, బదులు ఇంకొకరిని దింపుతారు.

తనంత జాగ్రత్తగా ఇంకెవరూ సూది వేయలేరని సలోమి సిస్టర్ నమ్మకం. అందుకే తన బిళ్లను వార్డులోని రోగులందరిలోకెల్లా నిబ్బరంగా ఉండే సుభద్ర మామ్మ మెడలో వేసింది. ఇరవై రోజులు అది పచ్చగా వెలిగింది. ప్రశాంత నర్సు అంటూ సలోమికి శాలువా కూడా కప్పారు.

ఇవాళ బిళ్ల భగ్గున ఎర్రబడింది. "సలోమీ, నీకు మూడు రోజులు సెలవు" అంది వార్డు గోడ.

సలోమి పరుగెత్తుకొచ్చేసరికి మామ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఏమైంది మామ్మా, నొప్పా?"

"చచ్చిపోయిన మా గేదెను కావాలనే తల్చుకున్నానే. పొద్దున నాకెయ్యాల్సిన సూది దిండుకేసి, నొప్పెట్టిందా అని దాన్నే అడిగావు. ఇంక పోయి పడుకో తల్లీ."